నీళ్ళు కొండెక్కితే దీపం కొండెక్కదు

చార్మినారు పక్కన లాడ్‌బజారులో లక్కగాజులు చేసేవారిని మీరెప్పుడైనా చూశారా? ముందు చిన్న నిప్పుల కుంపటి ఉంటుంది. దాని వేడికి లక్కముద్ద మెత్తబడుతుంది. పనివాడు దాన్ని సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి తగ్గకముందే మెరుపురాళ్ళు అద్దేస్తాడు. ఆ వీధి దాటితే చాయ్ హోటలు, అందులో గ్యాసు పొయ్యి. రంజాను నెల అయితే పక్క సందులో హలీం బట్టీ, దాని కింద కట్టెల మంట. అర కిలోమీటరు నడిచేలోగా బొగ్గు, గ్యాసు, కట్టె మూడూ ఎదురవుతాయి. తలెత్తి చూస్తే ఏదో ఒక మేడమీద నీలిరంగు సౌరఫలకాలు కూడా కనిపిస్తాయి.

ఒకసారి పదో తరగతిలో ఇంధనాల పాఠం చెబుతున్నాను. ఒక కుర్రవాడు లేచి, "సార్, మా హోటల్‌కొచ్చే సిలిండర్లో గ్యాసు గోదావరి నుంచే వస్తుందా?" అని అడిగాడు. వాడి పక్కవాడు ఊరుకోలేదు. "ఇంత ఎండ కాస్తుంటే అసలు గ్యాసెందుకు సార్?" అన్నాడు. మొదటి ప్రశ్నకు ఆ పీరియడులోనే జవాబు చెప్పాను. రెండో ప్రశ్నకు ఆ పీరియడు చాలలేదు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న కోసమే. అయితే అక్కడికి మొదటి ప్రశ్న మీదుగానే వెళ్ళాలి.

సిలిండరులో ఏముంది?

వంటగ్యాసు సిలిండరును కాస్త కదిపితే లోపల ద్రవం అటూ ఇటూ ఊగడం తెలుస్తుంది. అది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఈ రెండు వాయువులనూ మామూలు ఉష్ణోగ్రత దగ్గరే కొంచెం గట్టిగా ఒత్తితే ద్రవాలైపోతాయి. అందుకే దాన్ని ద్రవీకృత పెట్రోలియం వాయువు, ఎల్.పి.జి. అంటున్నాం. ముడిచమురును శుద్ధిచేసేటప్పుడు కొంత, సహజవాయువునుంచి వేరుచేసి కొంత దీన్ని తీస్తారు. మన దేశం వాడే ఎల్.పి.జి.లో సగానికి పైగా విదేశాలనుంచి ఓడలమీద వస్తుంది. కాబట్టి ఆ హోటలు కుర్రవాడి ప్రశ్నకు జవాబు: చాలావరకు కాదు.

గోదావరి గ్యాసు వేరు. అది సహజవాయువు. అందులో ముఖ్యంగా ఉండేది మిథేన్. దీని స్వభావం కొంచెం మొండి. దాదాపు మైనస్ 82 డిగ్రీల సెంటీగ్రేడు కంటే చల్లబరచనిదే, ఎంత పీడనంతో ఒత్తినా అది ద్రవం కాదు. అందుకని దాన్ని గొట్టాల ద్వారా పంపాలి. లేదా వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్లు ఒత్తి, బలమైన సిలిండర్లలో వాయువుగానే నింపాలి. మన ఆటోలలో, బస్సులలో ఉండే సి.ఎన్.జి. ఇదే. అదీ కాకపోతే మైనస్ 162 డిగ్రీల వరకు చల్లార్చి, ద్రవంగా మార్చి, ఓడలో పోయాలి. అప్పుడు దాని పరిమాణం 600వ వంతుకు తగ్గిపోతుంది. గొట్టాల మాటకొస్తే, కాకినాడ తీరంనుంచి మన తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1400 కిలోమీటర్ల గొట్టపు మార్గం ఒకటి 2009లో పనిలోకి వచ్చింది. ఆ దారిలో కొన్నిచోట్ల పొలం దున్నుకునే రైతు కాళ్ళకింద సముద్రపు గ్యాసు పరిగెత్తుతూ ఉంటుందన్నమాట!

గోలీసోడా సూత్రం

భూమిలో గ్యాసు ఉందంటే లోపల ఒక పెద్ద గుహ, దాన్నిండా గాలి అని చాలామంది ఊహించుకుంటారు. అది సరికాదు. కృష్ణా, గోదావరి నదులు కోట్ల సంవత్సరాలుగా ఇసుక, ఒండ్రు తెచ్చి సముద్రంలో పోశాయి. పొర మీద పొర పడి, అవి రాళ్ళుగా గట్టిపడ్డాయి. ఇసుకరాయిలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. గ్యాసు ఉండేది ఆ రంధ్రాలలోనే. పైన బంకమట్టి రాయి మూతలా కప్పి ఉంటే అది బయటికి పోలేదు. ఒకప్పటి సూక్ష్మజీవులు, మొక్కలు ఎండలో పెరిగి, పూడిపోయి, వేడికీ ఒత్తిడికీ మగ్గి ఈ గ్యాసయ్యాయి. అంటే ఇదీ ఎండే. కాకపోతే కోట్ల ఏళ్ళనాటి ఎండ.

ఇక పీడనం సంగతి. నీటిలో 10 మీటర్లు దిగితే ఒక వాతావరణ పీడనం పెరుగుతుందని చదువుకున్నారు కదా. 3000 మీటర్ల లోతున, రాతి రంధ్రాల్లోని నీటి బరువు వల్లనే దాదాపు 300 వాతావరణాల పీడనం ఉంటుంది. కృష్ణా-గోదావరి రాళ్ళలో కొన్నిచోట్ల అంతకంటే చాలా ఎక్కువ ఉంది. గోలీసోడా గుర్తు తెచ్చుకోండి. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూత వేసుకుంటుంది. బొటనవేలితో గోలీని నొక్కితే ఒక్కసారిగా బుస్సుమంటుంది. బావి తవ్వడమంటే 3000 మీటర్ల లోతున గోలీ నొక్కడమే.

మరి బుస్సుమనకుండా ఎలా ఆపుతారు? బురదతో! నవ్వకండి, ఇది చాలా శాస్త్రీయమైన బురద. తవ్వుతున్నంతసేపూ బావినిండా బరువైన బురద నింపి ఉంచుతారు. ద్రవస్తంభపు పీడనం దాని ఎత్తు, సాంద్రత, గురుత్వ త్వరణాల లబ్ధం. నీటికంటే ఒకటిన్నర రెట్లు సాంద్రత గల బురద అయితే 3000 మీటర్ల అడుగున దాదాపు 450 వాతావరణాలు నొక్కుతుంది. బురదకు ఈ బరువు తెచ్చే ఖనిజం బెరైటీస్, అంటే ముగ్గురాయి. మామూలు రాయి సాంద్రత నీటికి 2.7 రెట్లుంటే దీనిది 4 రెట్లు దాటుతుంది. ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాలలో ఒకటి మన కడప ప్రాంతంలోని మంగంపేటలో ఉంది. కోనసీమ గ్యాసుకు కడప రాయి కాపలా అంటే తప్పులేదు.

ఆ కాపలా తప్పితే ఏమవుతుందో 1995 జనవరి 8న తెలిసింది. కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. తవ్వుతున్న బావి అదుపు తప్పింది. గ్యాసు ఎగదన్నుకొచ్చి అంటుకుంది. ఆ మంట మార్చి 15 వరకు, అంటే రెండు నెలలకు పైగా ఆరలేదు. కొబ్బరితోటల మధ్య పగలూ రాత్రీ తేడా లేకుండా పోయింది. చుట్టుపక్కల ఊళ్ళవారిని ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులు కూడా వచ్చి పనిచేశారు. ఇలాంటి మంటలను ఆర్పాలంటే చుట్టూ నీటి జల్లు కురిపిస్తూ, కాలి కూలిన ఇనుమంతా లాగేసి, ఎగజిమ్ముతున్న బావి నోటికి కొత్త కవాటం బిగించాలి. రాసినంత తేలిక కాదు సుమా!

బావి దగ్గరే కాదు, గొట్టంలోనూ అదే గ్యాసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఆ కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో భూమిలోని గ్యాసు గొట్టం చిట్లింది. మంటల్లో ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాసులో తేమ, బొగ్గుపులుసు వాయువు ఉంటే, రెండూ కలిసి ఆమ్లమై ఉక్కును లోపలినుంచి తినేస్తాయి. పైనుంచి చూస్తే గొట్టం బాగానే ఉన్నట్టుంటుంది. ఇంకొక సంగతి: మిథేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. వంటగ్యాసుకు ఉన్న ఆ చెడ్డ వాసన గంధకం గల మెర్కాప్టాన్ అనే పదార్థానిది. లీకయితే ముక్కుకు తెలియాలని కావాలని కలుపుతారు. ఆ వాసనను విసుక్కోకండి.

లెక్కకు అందని గ్యాసు

2002లో కాకినాడకు ఎదురుగా లోతైన సముద్రంలో రిలయన్స్ సంస్థకు చాలా పెద్ద గ్యాసు నిక్షేపం దొరికింది. దాన్ని కె.జి.-డి6 అంటారు. 2009 ఏప్రిల్‌లో గ్యాసు రావడం మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనమీటర్లు తీయాలన్నది ప్రణాళిక. 2010లో 6 కోట్లు దాటింది కూడా. దేశమంతా సంబరపడింది. ఈ గ్యాసును నమ్ముకొని గోదావరి ప్రాంతంలో విద్యుత్ కేంద్రాలు కట్టారు.

ఆ తర్వాత ఏడాదికేడాది దిగుబడి పడిపోతూ వచ్చింది. బావుల్లోకి నీరు, ఇసుక చేరాయి. మొదటి రెండు పెద్ద క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడ్డాయి. గ్యాసు రాక కొన్ని విద్యుత్ కేంద్రాలు ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడిపోయాయి. రాళ్ళ అమరిక అనుకున్నదానికంటే చిక్కుగా ఉందని ఒక వాదన, తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని ఇంకో వాదన. ఆ తగువు మనం తీర్చేది కాదు. ఒక్కటి మాత్రం గమనించండి. సముద్రంమీదనుంచి శబ్దతరంగాలు పంపి, అవి పొరలను తాకి తిరిగివచ్చే తీరునుబట్టి లోపల ఎంతుందో అంచనా వేస్తారు. అది వైద్యుడు స్టెతస్కోపు పెట్టినట్టు. గుండె చప్పుడు తెలుస్తుంది, ఆయుష్షు తెలియదు.

పరిశ్రమ అక్కడితో ఆగిపోలేదు. అదే ప్రాంతంలో 2020 డిసెంబరు నుంచి కొత్త క్షేత్రాలు తెరిచారు. ఒకచోట సముద్రం లోతే 2000 మీటర్లు దాటుతుంది. అంత లోతుకు మనిషి వెళ్ళలేడు. కవాటాలు సముద్రపు నేలమీదే బిగించి, పైనుంచి తీగల ద్వారా తిప్పుతారు. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఓ.ఎన్.జి.సి. తన లోతునీటి క్షేత్రంనుంచి 2024 జనవరి 7న తొలి చమురు తీసింది. అక్కడ సముద్రంమీద తేలే ఒక పెద్ద ఓడే కర్మాగారం. చమురునూ గ్యాసునూ నీటినీ అందులోనే విడదీస్తారు. నేర్పులో ఇవి చిన్నవి కావు. అయినా మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా ఇప్పటికీ బయటినుంచే వస్తోంది.

పొగ సంగతి కూడా చూడాలి. మిథేన్ అణుభారం 16, కార్బన్ డయాక్సైడ్‌ది 44. కనుక ఒక కిలో మిథేన్ మండితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంతే వేడికి బొగ్గు మండిస్తే దాదాపు రెట్టింపు వస్తుంది. అందుకని బొగ్గుకంటే గ్యాసు మేలే, కానీ దోషం లేనిది కాదు. మండకుండా లీకయిన మిథేన్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు చెడ్డది.

సాయంత్రం ఆరు గంటల చిక్కు

ఇప్పుడు రెండో కుర్రవాడి దగ్గరికి వద్దాం. ఎండ ఉండగా గ్యాసెందుకు?

ఎండను పట్టే పని జోరుగానే సాగుతోంది. కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సౌర ఉద్యానం 2017కి పూర్తయింది. దాదాపు 5900 ఎకరాలు. కట్టేటప్పటికి ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో అదొకటి. ధర చూడండి. 2015 చివర్లో అక్కడ ఒక వేలంలో యూనిట్ 4 రూపాయల 63 పైసలకు ఖరారైంది. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లాలో కట్టబోయే మరొక కేంద్రానికి 3 రూపాయల 15 పైసలకే ఒప్పుకున్నారు. ఏడాదిన్నరలో మూడోవంతు తగ్గింది! నేను బి.ఇడి. చదివే రోజుల్లో సౌరఘటం అంటే ఉపగ్రహాలకూ చేతి కాలిక్యులేటర్లకూ మాత్రమే పనికొచ్చే వింతవస్తువు.

రామగుండంలో ఎన్.టి.పి.సి. వారు నేలమీద కాక జలాశయంమీదే ఫలకాలు పరిచారు. 500 ఎకరాల నీటిమీద, దాదాపు 4.5 లక్షల ఫలకాలు, 100 మెగావాట్లు. 2022 జులై నుంచి పూర్తిగా పనిచేస్తోంది. నీటిమీద ఎందుకంటే, సిలికాన్ ఫలకం 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి ఇంచుమించు 0.4 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. మన ఎండలో ఫలకం 60 డిగ్రీలకు కూడా చేరుతుంది. నీళ్ళు దాన్ని కొంత చల్లబరుస్తాయి. ఫలకాలు నీళ్ళకు నీడపట్టి ఆవిరిని తగ్గిస్తాయి. ఒకరికొకరు సాయమన్నమాట.

అయితే చిక్కెక్కడుంది? రంజాను నెలలో చార్మినారు చుట్టూ చూడండి. దీపాలన్నీ వెలిగేది పొద్దుగూకాక. బట్టల దుకాణాలు, గాజుల దుకాణాలు అర్ధరాత్రి దాటినా జేగీయమానంగా ఉంటాయి. ఆ సమయానికి కర్నూలులో ఫలకాలన్నీ నిద్రపోతుంటాయి. మధ్యాహ్నం అవసరానికి మించి వచ్చిన కరెంటు సాయంత్రానికి నిలవుండదు. గ్యాసుకు ఈ బాధ లేదు. అది కోట్ల ఏళ్ళుగా నిలవలోనే ఉంది. అడిగినప్పుడు కవాటం తిప్పితే చాలు. ఇన్నాళ్ళూ మనం గ్యాసుకు చెల్లిస్తున్నది వేడికి మాత్రమే అనుకున్నాం. నిజానికి ఆ నిలవకు కూడా చెల్లిస్తున్నాం. ఎండనూ గాలినీ వాడుకోవాలంటే నిలవచేసే ఏర్పాటు మనమే కట్టుకోవాలి. శక్తి పరిశ్రమ ఇప్పుడు ఎక్కువగా తల పట్టుకుంటున్నది దీనిమీదే.

ట్యాంకరు లెక్క

ఎక్కువైన కరెంటుతో నీళ్ళను కొండమీది చెరువుకు తోడి, సాయంత్రం ఆ నీళ్ళను టర్బైనుమీద వదిలితే? ఇది పాత ఉపాయమే. స్థితిశక్తి అంటే ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం. పాతబస్తీలో వేసవిలో తిరిగే 5000 లీటర్ల నీళ్ళ ట్యాంకరును తీసుకుందాం. అందులో 5000 కిలోల నీరు. 100 మీటర్ల ఎత్తుకు చేర్చితే 5000 × 9.8 × 100 = 49 లక్షల జౌల్స్. ఒక యూనిట్ కరెంటు 36 లక్షల జౌల్స్. అంటే ఒక ట్యాంకరంతా కొండెక్కిస్తే దాచగలిగేది సుమారు 1.36 యూనిట్లు!

ఇప్పుడు ఇంట్లో సిలిండరు చూడండి. అందులో 14.2 కిలోల గ్యాసు. కిలోకు 4.6 కోట్ల జౌల్స్ చొప్పున సుమారు 180 యూనిట్లకు సమానమైన వేడి. ఒక్క ఎర్ర సిలిండరుకు దాదాపు 130 ట్యాంకర్ల కొండమీది నీళ్ళు! అయితే పొయ్యిమీది వేడిలో సగం దాకా గిన్నె చుట్టూ గాలిలో పోతుంది, కరెంటు అలా పోదు. కాబట్టి ఈ పోలిక కొంచెం సిలిండరువైపే మొగ్గింది. అయినా చమురు, గ్యాసు మనల్ని ఎందుకింతగా పట్టుకున్నాయో దీనివల్ల తెలుస్తుంది.

అందుకే నీళ్ళ నిలవ పెద్దయెత్తున ఉంటేగాని పనికిరాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 8 యంత్రాలున్నాయి. 1978 నుంచి 1985 వరకు ఒక్కొక్కటే పెట్టారు. వాటిలో 7 యంత్రాలు ఒక్కొక్కటి 100.8 మెగావాట్లవి, రెండువైపులా తిరగగలవు. ఒకవైపు తిరిగితే కరెంటు పుట్టిస్తాయి, ఇంకోవైపు తిరిగితే నీళ్ళు పైకి తోడతాయి. కాని తోడాలంటే కింద నీళ్ళు నిలవుండాలి కదా! కింది జలాశయం కట్టడం ఆలస్యమై, యంత్రాలకు ఆ విద్య వచ్చినా చాలా కాలం చేతికి పని లేకపోయింది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ ఇలాంటివే.

నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర రూపొందించిన పథకం ఇంకొక అడుగు ముందుకు వేసింది. నదిమీద ఆనకట్టతో పనిలేదు. కొండల్లో పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. ఒకసారి నీళ్ళు నింపుకొని, అవే నీళ్ళను ఎక్కిస్తూ దింపుతూ ఉండటమే. ఆవిరైనంత మాత్రం మళ్ళీ పోసుకోవాలి. దాని శక్తి 1680 మెగావాట్లు, దాదాపు 6 గంటలపాటు. అంటే సుమారు కోటి యూనిట్లు. 100 మీటర్ల ఎత్తు అనుకుంటే అది ఎన్ని ట్యాంకర్లో మీరే లెక్కవేయండి. ఇందులో నష్టం కూడా ఉంది. తోడటానికి 100 యూనిట్లు పెడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80 వరకు. నిలవకు కట్టే అద్దె అది.

మరో దారి హైడ్రోజన్. సౌరవిద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి దాచడం. విశాఖ దగ్గర పూడిమడకలో ఇలాంటి పెద్ద కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. రోజుకు 1500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. పాశర్లపూడి బావి అంటుకున్న రోజుకు సరిగ్గా 30 ఏళ్ళు. ఇది కాకతాళీయమే అనుకోండి. కాని ఇక్కడా లెక్క తప్పదు. ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. అది మండితే 33 యూనిట్ల వేడి వస్తుంది. ద్రవం చేయాలంటే మైనస్ 253 డిగ్రీలు, మిథేన్ కంటే మొండి. అందుకని దీపాలకంటే ముందు ఎరువుల తయారీకి, ఉక్కు కొలుములకు దీన్ని వాడాలని చూస్తున్నారు. ఎరువులకు కావలసిన హైడ్రోజన్‌ను ఇప్పుడు ఎక్కువగా సహజవాయువునుంచే తీస్తున్నాం మరి.

ఈ లెక్కలన్నీ నల్లబల్లమీద వేశాక, ఆ రెండో కుర్రవాడు మళ్ళీ లేచాడు. "అయితే మా మేడమీది ట్యాంకులో నీళ్ళు కూడా కరెంటేనా సార్?" అన్నాడు. వాళ్ళది మూడంతస్తుల ఇల్లు. ట్యాంకు 1000 లీటర్లు, ఎత్తు 10 మీటర్లు అనుకున్నాం. 1000 × 9.8 × 10 = 98,000 జౌల్స్. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుతో భాగించమన్నాను. వెనక బెంచీలోంచి జవాబొచ్చింది: 10,888 సెకన్లు. ఏ నష్టమూ లేకపోతే, ట్యాంకు ఖాళీ అయ్యేలోగా ఒక బల్బు మూడు గంటలు వెలుగుతుంది.